పట్టికలో ‘ఇంకా తెలియదు’ అని రాసే గడి

సంపాదకులకు,

నమస్కారం.

మీ పత్రిక ఉద్యోగాల పేజీలో ప్రోడక్ట్ మేనేజర్ల మానసిక ఒత్తిడి గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. తెల్లవారుజామున లేవడం, శ్వాస మీద ధ్యాస నిలపడం, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టడం, పనులను ప్రాధాన్యం ప్రకారం రాసుకోవడం వంటి సూచనలు అందులో ఉన్నాయి. వాటిలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కొన్నింటిని నేనూ పాటిస్తాను. అయితే పద్నాలుగేళ్లుగా ఇదే ఉద్యోగం చేస్తున్న మనిషిగా, వ్యాసం చదవడం పూర్తయ్యేసరికి నాకు బాధ కలిగింది. ఒత్తిడి అంతా ఆ ఉద్యోగి మనసులోనే పుడుతుందనీ, మందు కూడా అక్కడే వెతుక్కోవాలనీ చదివినవారికి అనిపించేలా అది ఉంది. నా అనుభవం వేరు. ఈ పనిలో తెలియనివి ఎప్పుడూ ఉంటాయి, వాటితో బతకడం ఎవరికైనా కొన్నాళ్లకు అలవాటవుతుంది. తెలియని దాన్ని తెలిసినట్టుగా రాసి, దానికి పూచీ పడవలసి వచ్చినప్పుడే మనిషి నలిగిపోతాడు. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

ఈ ఉద్యోగం పేరు విన్నా అందులో చేసే పనేమిటో తెలియని పాఠకులు చాలామంది ఉంటారు. ఒక వస్తువునో సాఫ్ట్‌వేర్‌నో ఎవరి కోసం తయారు చేయాలి, అందులో ముందు ఏది ఉండాలి, ఏది తర్వాతకు ఆగవచ్చు, ఏది అసలు వద్దు అని తేల్చి, ఆ నిర్ణయానికి జవాబుదారీగా నిలబడడం ప్రోడక్ట్ మేనేజర్ పని. పేరులో మేనేజర్ అని ఉన్నా, తయారు చేసే ఇంజినీర్లుగానీ, రూపమిచ్చే డిజైనర్లుగానీ, అమ్మే సేల్స్‌వారుగానీ, అమ్మిన తర్వాత ఫిర్యాదులు వినే సపోర్ట్‌వారుగానీ సాధారణంగా ఆ మనిషి కింద పనిచేయరు. ఈ ఉద్యోగానికి మూలం 1931 మే 13న ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థలో నీల్ మెకెల్రాయ్ రాసిన మూడు పుటల మెమోలో ఉందని చాలామంది చెబుతారు. ఆయన అప్పట్లో కామే సబ్బు ప్రచారం చూసేవాడు. అదే సంస్థ అమ్మే ఐవరీ సబ్బు నీడలో కామే ఎదగలేకపోయేది. ఒక్కొక్క బ్రాండ్ బాగోగులు పూర్తిగా తమవిగా చూసుకునే మనుషులు కావాలనీ, అమ్మకాలు ఎక్కడ తగ్గాయో, ఎందుకు తగ్గాయో వాళ్లే స్వయంగా తెలుసుకోవాలనీ ఆయన అందులో కోరాడు. తర్వాతి కాలంలో ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు, 1957లో అమెరికా రక్షణ మంత్రి కూడా అయ్యాడు. మెమో రాసి తొంభై ఏళ్లు దాటినా ఈ ఉద్యోగంలోని చిక్కు మాత్రం విడలేదు. బాధ్యత ఒకరిది, పని చేసే చేతులు వేరొకరివి.

అందుకే ఈ మనిషి స్థితి ఎప్పుడూ అడకత్తెరలో పోకచెక్కే. కస్టమర్ అడిగిన కొత్త ఫీచర్ వచ్చే నెలకే కావాలని సేల్స్‌వారు పట్టుబడతారు. పాత కోడ్‌ను సరిచేయకుండా దాని మీద కొత్తది కట్టలేమని ఇంజినీర్లు అంటారు. ముందు ఉన్న బగ్గులు, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలు తీసేయమని సపోర్ట్‌వారు మొరపెట్టుకుంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఈ లాగులాట లేకుండా చేయడమే నా పని అనుకున్నాను. అందరినీ విడివిడిగా కలిసి, ఎవరికి నచ్చే మాట వాళ్లకు చెప్పి, నాలుగు గదుల్లో నాలుగు రకాలుగా మాట్లాడి బయటపడేదాన్ని. ఆ రోజు సాయంత్రానికి అందరూ శాంతించేవారు. ఆ నాలుగు మాటలూ ఒకరోజు ఒకే సమావేశంలో ఎదురుపడేవి, అప్పుడు నా మాట మీద ఎవరికీ నమ్మకం మిగిలేది కాదు.

కొన్నేళ్లకు అర్థమైందేమిటంటే, ఆ లాగులాట చెడ్డది కాదు. సేల్స్ మనిషి కస్టమర్ ఎదురుగా కూర్చుని విన్నది ఇంజినీర్ వినలేదు; కోడ్‌లో ఇంజినీర్‌కు కనిపించే బీట సేల్స్ మనిషికి కనిపించదు; రోజుకు ముప్పై ఫిర్యాదులు వినే సపోర్ట్ ఉద్యోగికి తెలిసినది మిగతా ఇద్దరికీ తెలియదు. వాళ్లు గట్టిగా వాదించుకుంటున్నారంటే, ఒక్కొక్కరి దగ్గర మిగతావారి దగ్గర లేని సమాచారం ఉందని అర్థం. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, ఆ వాదన నలుగురి ముందు జరిగేలా చూస్తే సమావేశం వేడెక్కుతుంది, నిజమే. కానీ నిర్ణయానికి కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల మీద పరిశోధన చేసినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించి మొదట ఆశ్చర్యపోయారు. లోతుగా చూస్తే తేలింది, ఆ బృందాల్లో పొరపాట్లను దాచకుండా చెప్పుకుంటున్నారని. భయం లేకుండా మాట్లాడగలిగే ఆ వాతావరణమే ఆ తర్వాత ఆమె పరిశోధనకు కేంద్రమైంది. సమావేశంలో ఎవరూ ఎవరితోనూ విభేదించని బృందాన్ని చూస్తే నాకు ఇప్పుడు భయమేస్తుంది.

ఇక తెలియకపోవడం సంగతి. ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త 1921లోనే ఒక తేడా చెప్పాడు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఎంతో ముందే లెక్క కట్టవచ్చు, అటువంటిది రిస్క్. అవకాశం ఎంతో లెక్క కట్టడానికే ఆధారం లేనిది అనిశ్చితి. ఎవరూ ఇంతకు ముందు చేయని ఫీచర్‌ను జనం వాడతారా, వాడితే డబ్బు చెల్లిస్తారా, ఈలోగా పోటీ సంస్థ ఏం చేస్తుంది అన్నవి రెండో కోవకు చెందినవి. మా చేత ప్రతి వారం నింపించే పట్టికలు మాత్రం వీటన్నింటినీ పాచికల్లాగానే లెక్క వేయమంటాయి.

అనిశ్చితి శరీరాన్ని ఎలా పట్టుకుంటుందో చూపించిన ప్రయోగం ఒకటి 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ప్రచురించారు. నలభై అయిదు మంది చేత ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాళ్ల కింద పాము ఉందో లేదో చెప్పాలి. పాము ఉంటే చేతికి చురుక్కుమనే కరెంటు షాక్ తగులుతుంది. ఏ రాయి కింద ఎంత అవకాశం ఉందో ఆట సాగుతుంటే మారిపోతూ ఉంటుంది. చెమట, కంటిపాప విస్తరణ, ఆడేవారి సొంత మాటలు అన్నీ కొలిచి చూస్తే, షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, తగలవచ్చు తగలకపోవచ్చు అన్న సగంసగం స్థితిలోనే ఒత్తిడి అత్యధికంగా ఉన్నట్టు తేలింది. ఇది చదివిన రోజు నాకు మా బృందం కళ్ల ముందు మెదిలింది. ప్రాజెక్టు రద్దయిందని చెప్పిన రోజు వాళ్లు ఓ గంట బాధపడి ఇంటికి వెళ్లారు. రద్దవుతుందో లేదో తెలియక గడిపిన ఆరు వారాలు మాత్రం ఒకరికీ సరిగా నిద్ర లేదు. రద్దు నిర్ణయం ఎప్పుడు వెలువడుతుందో మాకు ముందే తెలిసి ఉన్నా ఆ ఆరు వారాలు అంత బరువుగా గడిచేవి కావని నా నమ్మకం.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. అప్పట్లో నేను పనిచేసిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పరికరాలను తనిఖీ చేసే సిబ్బంది కోసం మేము ఒక యాప్ చేస్తున్నాం. నెట్‌వర్క్ లేని చోట కూడా వివరాలు నమోదు చేసుకుని, నెట్‌వర్క్ దొరికాక వాటిని సర్వర్‌కు చేర్చే ఏర్పాటు అందులో ముఖ్యం. ఒక శుక్రవారం మధ్యాహ్నం, వారం వారం పైవాళ్లకు పంపే స్టేటస్ షీట్ తెరిచి పెట్టుకుని, మా ఇంజినీర్‌ను అడిగాను, ఇది ఎప్పటికి అవుతుందని. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “మేడమ్, ఇద్దరు ఒకే రికార్డును విడివిడిగా మార్చుకుని వస్తే ఏది ఉంచాలో నాకింకా తెలియదు. రెండు వారాలు ఇవ్వండి, చేసి చూసి చెప్తాను” అన్నారు. నిజాయితీగా, ఏం తెలియదో, ఎప్పటికి తెలుస్తుందో కూడా చెప్పిన మాట అది. అంతకంటే మంచి జవాబు ఎవరూ ఇవ్వలేరు.

నేను తేదీ గడిలో ‘ఇంకా తెలియదు’ అని టైప్ చేశాను. ఎర్ర గీత వచ్చి, సరైన తేదీ ఇవ్వమని హెచ్చరిక కనిపించింది. ఖాళీగా వదిలేస్తే షీట్ సేవ్ కాలేదు. పక్క గడిలో ఎంచుకోవడానికి మూడు రంగులే ఉన్నాయి, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. పసుపు పెడితే వివరణ రాయాలి, ఎరుపు పెడితే సోమవారం ఉదయం పైవాళ్లతో ప్రత్యేక సమావేశం. అప్పటికి అయిదున్నర అయింది. పదకొండు వారాల తర్వాతి తేదీ ఒకటి వేసి, ఆకుపచ్చ పెట్టాను. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఎవరూ అడగలేదు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సోమవారం నాటికి ఆ తేదీ సేల్స్‌వారి ప్రెజెంటేషన్‌లో ఉంది. నెల తిరిగేసరికి ఒక కస్టమర్ ఒప్పందంలో ఉంది. ఆ తర్వాత ఇంజినీర్ అడిగిన రెండు వారాలు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన కూడా మూడో వారం నుంచి ఆ ప్రశ్న ఎత్తడం మానేశారు. నేను రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఫోన్‌లో ఆ షీట్ తెరిచి ఆకుపచ్చ గడి వంక చూస్తూ కూర్చునేదాన్ని. ధ్యానం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. కళ్లు మూసుకుంటే గడి కనిపించేది.

చెప్పిన తేదీకే విడుదల చేశాం. తొమ్మిదో రోజున, ఒక తనిఖీ బృందం రోజంతా నమోదు చేసిన వివరాల మీద పాత కాపీ వచ్చి కూర్చుంది. ఇద్దరు ఒకే రికార్డును మార్చారు, చివరగా నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఫోన్‌దే నిలిచింది, అందులో ఉన్నది పాతది. ఆ మనుషులు ఎండలో నిలబడి చేసిన పని మళ్లీ చేయవలసి వచ్చింది. మా ఇంజినీర్ నా బల్ల దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే, “ఆ రోజు చెప్పింది ఇదే మేడమ్” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా వృత్తిలో అటువంటి స్టేటస్‌ను పుచ్చకాయ అంటారు, పైకి పచ్చ, కోస్తే ఎరుపు. ఈ మాట ఎన్నో దేశాల్లో వాడుకలో ఉందంటే, ఆ శుక్రవారం నేను చేసిన పని ఎంతమంది చేస్తున్నారో ఊహించుకోవచ్చు. వీళ్లంతా అబద్ధాలకోరులు కారు. తెలియదని చెప్పే చోటు లేని పట్టిక ముందు కూర్చున్నవాళ్లు.

అసలు మొదట్లోనే ఒక్క తేదీ చెప్పమనడం ఎంత అసంబద్ధమో సాఫ్ట్‌వేర్ రంగానికి నలభై ఏళ్లుగా తెలుసు. బారీ బోమ్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు 1981లో చూపించిన లెక్క ప్రకారం, పని ఊహ దశలో ఉన్నప్పుడు వేసే అంచనా నాలుగు రెట్లు ఎక్కువైనా కావచ్చు, నాలుగో వంతైనా కావచ్చు. అంటే నాలుగు నెలల పని అనుకున్నది ఒక నెలతో తీరవచ్చు, పదహారు నెలలూ లాగవచ్చు. నిర్ణయాలు ఒక్కొక్కటిగా జరిగేకొద్దీ ఈ అంతరం తగ్గుతూ వస్తుంది. రోజులు గడిచినంత మాత్రాన దానంతట అది తగ్గదు. కానీ ఖచ్చితమైన తేదీ ఎప్పుడు అడుగుతారు? ఆ అంతరం అన్నింటికంటే వెడల్పుగా ఉన్న మొదటి వారంలో.

ఇంకో సంగతి ప్రాణాలతో ముడిపడినది. మా యాప్‌ను దానితో పోల్చడానికి కాదు గానీ, ‘తెలియదు’ అన్న మాట పెద్ద సంస్థల్లో ఏమైపోతుందో అంత స్పష్టంగా చూపించేది మరొకటి నాకు తెలియదు. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారు చేసిన మోర్టన్ థయోకోల్ ఇంజినీర్లు చలిలో రబ్బరు రింగులు సరిగా బిగుసుకోకపోవచ్చని చెప్పారు. 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువలో ప్రయోగం వద్దన్నారు, ఎందుకంటే అంతకంటే చల్లగా ఉన్నప్పుడు ఎగిరిన అనుభవమే లేదు. ఆ టెలిఫోన్ సమావేశంలో ప్రశ్న తలకిందులైంది. క్షేమమని రుజువు చేయవలసింది పోయి, ప్రమాదమని రుజువు చేయవలసిన భారం ఇంజినీర్ల మీద పడింది. రుజువు వాళ్ల దగ్గర లేదు, సందేహం మాత్రం ఉంది. మర్నాడు ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాత విచారణ సంఘంలో ఉన్న భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అడిగి చూస్తే, వాహనం కూలిపోయే అవకాశం వందలో ఒకటని ఇంజినీర్లూ, లక్షలో ఒకటని యాజమాన్యమూ అంచనా వేసుకున్నట్టు తేలింది. కింది నుంచి పైకి వెళ్లే దారిలో సందేహం అంతగా అరిగిపోయింది.

దీనికి విరుగుడు మరింత సమాచారమే అని కొందరు అంటారు. సర్వేలు చేయండి, పరీక్షలు చేయండి, అంకెలు తెండి, అప్పుడు నిర్ణయం తీసుకుందాం అంటారు. చేయవలసిందే. కానీ అంకెలు పోగుచేయడమే తెలియనితనాన్ని దాచుకునే మార్గంగా మారడం నేను చాలాసార్లు చూశాను. కోకాకోలా సంస్థ 1985 ఏప్రిల్ 23న తన పానీయం రుచిని మార్చే ముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించింది. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. అయినా జనాగ్రహానికి తలొగ్గి 79 రోజులకే పాత రుచిని తిరిగి తీసుకురావలసి వచ్చింది. ఆ 2 లక్షల జవాబుల్లో అబద్ధం లేదు. ఒక గుక్క తాగి ఏది బాగుందో చెప్పమన్నారు, చెప్పారు; ఇన్నేళ్లుగా తాగుతున్నది ఇక దొరకకుండా పోతే ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. దాని బరువు ఆ గుక్కలో తూగలేదు. అందుకే ఎంత డేటా ఉందని అడిగే ముందు, ఈ డేటా ఏ ప్రశ్నకు జవాబు, ఏ ప్రశ్నకు కాదు అని అడగడం నాకు అలవాటైంది. రెండో దానికి జవాబు దొరికే దాకా నిర్ణయం ఆపాలని కూడా నేననను. తలుపు తెరుచుకుని వెళ్లి, నచ్చకపోతే వెనక్కి రాగలిగిన నిర్ణయాలకూ, వెనక్కి రాలేని నిర్ణయాలకూ తేడా చూడాలని అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ వాటాదారులకు రాసిన ఒక లేఖలో చెప్పారు. బటన్ రంగు మీద మూడు వారాలు చర్చించి, కస్టమర్ రికార్డులు చెరిగిపోయే అవకాశం మీద పది నిమిషాలు కూడా గడపని సమావేశాల్లో కూర్చున్నదాన్ని గనుక ఆ తేడా విలువ నాకు బాగా తెలుసు. మొదటి రకాన్ని ఆ రోజే తేల్చేసి పంపాలి. రెండో రకానికి సమయం అడగాలి, అడిగినందుకు సిగ్గుపడకూడదు.

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఒకటి నాకు చాలా ఉపయోగపడింది. పని మొదలుపెట్టే ముందే అందరూ కూర్చుని, ఏడాది గడిచిందనీ, ప్రాజెక్టు ఘోరంగా విఫలమైందనీ అనుకుని, ఎందుకు విఫలమైందో ఎవరికి వారు కాగితం మీద రాయాలి. విఫలం కావచ్చా అని అడిగితే ఎవరూ నోరు విప్పరు, ఎందుకంటే అది అపనమ్మకంలా, అపశకునంలా వినిపిస్తుంది. విఫలమైపోయింది, కారణం చెప్పండి అంటే, అందరికంటే జూనియర్ కూడా ధైర్యంగా రాస్తారు. నేను మొదటిసారి ఇది చేయించినప్పుడు ఏడుగురిలో అయిదుగురు ఒకే కారణం రాశారు. అప్పటిదాకా ఏ సమావేశంలోనూ ఆ మాట ఒక్కరూ అనలేదు.

ఆ విడుదల చేదు అనుభవం తర్వాత నేను చేసిన మొదటి పని చాలా చిన్నది. స్టేటస్ షీట్ నిర్వహించే ఉద్యోగి దగ్గరికి వెళ్లి, తేదీ గడిలో మాటలు కూడా రాసుకునేలా మార్చమనీ, దాని పక్కన ‘ఎప్పటికి తెలుస్తుంది’ అని ఒక గడి చేర్చమనీ అడిగాను. పది నిమిషాల పని. ఆయన చేసి ఇచ్చారు. తర్వాతి శుక్రవారం మూడు పనులకు ‘ఇంకా తెలియదు’ అని రాసి, ఏం తెలియదో, దాన్ని ఎలా తెలుసుకోబోతున్నామో, ఏ రోజుకు తెలుస్తుందో, అంతవరకు ఏం చేస్తుంటామో పక్కనే రాశాను. సోమవారం సమావేశంలో సేల్స్ అధిపతికి కోపం వచ్చింది. కస్టమర్‌కు నేనేం చెప్పాలి, తెలియదని చెప్పనా అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. వచ్చే నెలలో ఏం ఇస్తామో ఖచ్చితంగా చెబుతాం, ఆరు నెలల తర్వాతి దానికి ఇంత నుంచి ఇంత అని హద్దులు మాత్రమే ఇస్తాం, ప్రతి నెలా ఆ హద్దులు దగ్గర చేస్తాం, తప్పితే ముందుగా మేమే చెబుతాం అని వివరించాను. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను. రెండు నెలల తర్వాత ఒకరోజు ఆయనే ఫోన్ చేసి, ఒక కస్టమర్‌కు తేదీ చెప్పే ముందు, “ఇందులో మీకు తెలియనిది ఏమిటండీ?” అని అడిగారు. అప్పటి నుంచి మా మధ్య మాటల తీరు మారింది.

‘తెలియదు’ అనే మాటను బద్ధకస్తులు కూడా వాడుకుంటారని నాకు తెలుసు. వాడుకుంటారు. అయితే ఆ బద్ధకం ఎక్కువ కాలం దాగదు. ఏం తెలియదు, ఎలా తెలుసుకుంటావు, ఎప్పటికి అని మూడు ప్రశ్నలు వేస్తే, తెలుసుకునే ప్రయత్నం చేస్తున్న మనిషి వెంటనే జవాబు చెబుతారు, చేయనివారు తడబడతారు. ఆకుపచ్చ గడి వెనుక దాక్కున్నవారిని పట్టుకోవడానికి మాత్రం విడుదల రోజు దాకా ఆగాలి.

అందువల్ల మీ వ్యాసం మీద నా అభ్యంతరం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో ‘బర్నౌట్’ను చేర్చినప్పుడు, దాన్ని వ్యాధిగా చూపలేదు, పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉండి, సరిగా సంభాళించని ఒత్తిడి వల్ల కలిగే వృత్తి సంబంధమైన స్థితిగా చెప్పింది. ఒత్తిడి పుట్టే చోటు పని జరిగే చోటే అయినప్పుడు, ఉద్యోగికి శ్వాస పాఠాలు చెప్పి, వాళ్లు నింపే పట్టికను, సమావేశాన్ని, బోనస్ లెక్కను అలాగే వదిలేయడం న్యాయం కాదు. మా పై అధికారులు కూడా మీ పత్రిక చదువుతారు. తెలియదని చెప్పిన ఉద్యోగి ముఖం మీద ఆ క్షణంలో వాళ్ల చూపు ఎలా పడుతుందో దాన్ని బట్టే, ఆ తర్వాతి నెలల్లో ఆ బృందం ఎంత నిజం చెబుతుందన్నది ఉంటుందని వారికి కూడా ఎవరైనా చెప్పాలి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు, అన్నీ తెలిసినట్టు మాట్లాడడమే నాయకత్వమని కాలేజీల్లో, ఇంటర్వ్యూల్లో అలవాటు చేస్తున్నారు. నా దగ్గర చేరిన ఒక అమ్మాయి మొదటి నెలలో ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక జవాబు చెప్పేది. ఒకరోజు సమావేశం అయ్యాక, ఇందాక చెప్పిన అంకె ఎక్కడిదమ్మా అని అడిగితే ఏడ్చేసింది. ఆ ఏడుపులో నా ఆకుపచ్చ గడి కనిపించింది.

మీకు నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను. ఉద్యోగాల పేజీలో మా వృత్తిలో పైకి వచ్చినవారి అనుభవాలు వేస్తున్నప్పుడు, ఆ నిర్ణయం తీసుకున్న రోజున వారికి తెలియనిది ఏమిటో, ఆ సంగతి ఎవరితో చెప్పుకోగలిగారో కూడా అడిగి రాయండి. అలాగే ఒత్తిడి గురించి తర్వాతి వ్యాసం వేసినప్పుడు, ఉద్యోగులతోపాటు వారి చేత ఆ పట్టికలు నింపించేవారితో కూడా మాట్లాడండి.

ఇప్పుడు నేను పనిచేస్తున్న చోట కూడా ఆ గడి పెట్టించుకున్నాను. ఈ శుక్రవారం మా బృందం అందులో నాలుగు రాసింది. ఒకటి వచ్చే బుధవారానికి తేలుతుంది, రెండు నెలాఖరుకు. నాలుగో దానికి ఎప్పటికి తెలుస్తుందో కూడా ఇంకా తెలియదని మా ఇంజినీర్ చెప్పింది. ఆ మాటనే గడిలో రాసి పైకి పంపాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ప్రోడక్ట్ మేనేజర్